క్లస్టర్ మారాక మాడ్యూల్ ఎర్రర్లు: అతుకు వెయ్యడమా, మళ్లీ కట్టుకోవడమా, పాతదాన్నే మోసుకుపోవడమా?

బరంపురంలో మేం వాడే క్లస్టర్‌ని (మనం పంపిన లెక్కల్ని, అంటే జాబుల్ని, నడిపే కంప్యూటర్ల గుంపు) సెంటోస్ 7 లినక్స్ నుంచి రాకీ 9 లినక్స్‌కి మార్చారు. సెంటోస్ 7కి 2024 జూన్ 30తో మద్దతు ఆగిపోయింది కాబట్టి తప్పని పని. మర్నాడే పర్లాకిమిడిలో ఇంటి దగ్గరున్న జూనియర్ ఫోన్ చేసింది. "అక్కా, మొన్నటిదాకా నడిచిన జాబు ఇవాళ రెండు సెకన్లకే పోతోంది."

ముందు ఎర్రర్ మొత్తం చదవమన్నాను. క్లస్టర్లో కంపైలర్ లాంటి సాఫ్ట్‌వేర్లని పేరు చెప్పి లోడ్ చేసుకుంటాం, వాటినే మాడ్యూళ్లంటారు. "మాడ్యూల్ తెలియదు" అంటే పేరు మారినట్టు, లేదా పాత క్యాష్ (దాచి ఉంచిన మాడ్యూళ్ల జాబితా) మిగిలిపోయినట్టు. మాడ్యూళ్లని చూసుకునే ఎల్‌మాడ్ ఉన్నచోట మాడ్యూల్ స్పైడర్ కమాండ్‌తో కొత్త పేరు వెతికి, మన హోమ్ డైరెక్టరీలో మిగిలిన క్యాష్ తీసేస్తే సరిపోతుంది. మాడ్యూల్ సేవ్‌తో దాచుకున్న పాత జాబితా ఉంటే దాన్నీ మళ్లీ చేసుకోవాలి. పది నిమిషాల పని.

తనకొచ్చింది అది కాదు. ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలు నడవడానికి కావలసిన లైబ్రరీ, లిబ్‌జీఫోర్ట్రాన్ 3, దొరకలేదంటోంది. సెంటోస్ 7తో వచ్చే జీసీసీ 4.8 కంపైలర్ దగ్గర ఉన్నది 3, రాకీ 9లో ఉన్నది 5. ఇక్కడే దారులు చీలతాయి.

అతుకు అంటే 5కి 3 అని పేరు పెట్టి లింకు వెయ్యడం. దయచేసి వద్దు. లోపలి సింబల్ వెర్షన్లు కలవవు, ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. పాత ఫైలు ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకుంటే ఇవాళ్టికి నడవచ్చు, రేపు ఎంపీఐ (ప్రోగ్రాం ముక్కలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైబ్రరీ) దగ్గర ఇంకోటి లేదంటుంది.

మళ్లీ కంపైల్ చేసుకోవడం నా మొదటి ఓటు. ముందు తన బ్యాష్‌ఆర్‌సీ, అంటే లాగిన్ అయినప్పుడల్లా నడిచే సెట్టింగుల ఫైలు, తెరిపించాను. ఎవరో సీనియర్ రాసిచ్చిన మూడు మాడ్యూల్ లోడ్ లైన్లు, వాటి కింద లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్, అది పాత ఓపెన్‌ఎంపీఐ వైపు చూపిస్తోంది. జాబుల్ని పంచే స్లర్మ్ మామూలుగా మనం జాబు పంపినప్పటి సెట్టింగులనే (ఎన్విరాన్‌మెంట్) నోడ్‌కి, అంటే జాబు నడిచే కంప్యూటర్‌కి, మోసుకుపోతుంది, అందుకే ఆ చెత్తంతా అక్కడికీ చేరుతోంది. ఆ నాలుగు లైన్లూ తీయించి, జాబు స్క్రిప్టులో మొదట ఉన్న మాడ్యూళ్లన్నీ తీసేసే మాడ్యూల్ పర్జ్, తర్వాత వెర్షన్ నంబరుతో సహా కావలసిన లోడ్‌లు రాయించాను. వెర్షన్ రాయకపోతే డిఫాల్ట్ మారిన రోజున మళ్లీ ఇదే గొడవ. కొత్త కంపైలర్, కొత్త ఎంపీఐతో కట్టడానికి తనకి ఒక సాయంత్రం పట్టింది.

మరి థీసిస్ సగంలో ఉన్నవాళ్ల మాటేమిటి? కంపైలర్ మారితే చివరి దశాంశాలు కదులుతాయి, పాత టేబుల్ పక్కన కొత్త అంకె పెట్టడానికి చెయ్యి రాదు. వాళ్లకి ఆప్టైనర్ కంటెయినర్ (పాత సిస్టమ్ ఫైళ్లతో సహా ప్రోగ్రాంని ఒక పెట్టెలో పెట్టి నడిపే పద్ధతి) మేలు. 2021కి ముందు సింగ్యులారిటీ అన్న పేరుతో ఉండేది. సెంటోస్ 7 ఇమేజ్‌లో పాత ప్రోగ్రాంని పెట్టుకుంటే కొత్త కెర్నెల్ మీద కూడా నడుస్తుంది. ఒక్క నోడ్ జాబులకి హాయి. చాలా నోడ్లకి వెళ్లేటప్పుడు లోపలి ఎంపీఐ, బయటి ఎంపీఐ ఒకదానితో ఒకటి పొసగాలి, అక్కడ తల బొప్పి కడుతుంది. కొత్త ప్రాజెక్టుకి మాత్రం దీన్ని నేను చెప్పను.

జూనియర్ చివరికి రెండూ చేసింది. రాసేసిన అధ్యాయాలకి కంటెయినర్, రాబోయేవాటికి కొత్త కంపైల్. మారే ముందు ఒకే పాత ఇన్‌పుట్‌ని రెండింటిలోనూ నడిపి, శక్తి విలువలు ఎన్నో దశాంశం దాకా కలుస్తున్నాయో నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకుంది. ఆ పేజీ ఫొటో తీసి గైడ్‌గారికి కూడా పంపింది.