మద్రాసు విశ్వవిద్యాలయం: చేపాక్‌లో చదువు, చెట్‌పేట్‌లో ఆట

మా మేనకోడలు గూడూరులో డిగ్రీ పూర్తి చేసి, ఎం.ఎ. తెలుగు చదువుతాననీ, అయితే నాలుగు వందల మీటర్ల పరుగు మాత్రం మాననని పట్టుబట్టడంతో, చెన్నైలో స్థిరపడిన నేను ఆమెను వెంటబెట్టుకుని మద్రాసు విశ్వవిద్యాలయం చూసి వచ్చాను. ఆమె కోరికలు రెండూ అక్కడ తీరతాయి గానీ, ఒకే ఆవరణలో తీరవు.

దీనికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడినప్పుడు అది పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. పాఠాలూ ఆటలూ అనుబంధ కళాశాలల్లోనే సాగేవి. ఇరవయ్యో శతాబ్దంలో సొంత శాఖలు వెలసి చదువు విశ్వవిద్యాలయం లోపలికి వచ్చింది. ఆట మాత్రం ఇప్పటికీ చాలావరకు కళాశాలలదే.

చదువు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఎఫ్.ఎ. (నేటి ఇంటర్మీడియట్ స్థాయి) పరీక్షే గట్టెక్కని గణితవేత్త రామానుజన్‌కు 1913లో నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది ఈ పరీక్షల సంస్థే కావడం నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. ఆయన పేరిట ఉన్న గణిత సంస్థ ఇప్పుడు విశ్వవిద్యాలయంలో భాగమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వేరుపడగా, ఆ మరుసటి ఏడాదే ఇక్కడ తెలుగు శాఖ మొదలైంది. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనంలో పేరుపొందిన కోరాడ రామకృష్ణయ్యగారు, సాహిత్య పరిశోధకులు నిడుదవోలు వెంకటరావుగారు పనిచేసిన శాఖ అది. 1924లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ బాధ్యతలు స్వీకరించిన గ్రంథాలయం సంగతి వేరే చెప్పనక్కరలేదు. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు రాతప్రతులున్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం కూడా చాలాకాలం ఆ భవనంలోనే ఉండేది. ఇప్పుడు వాటిని చూడదలచినవారు కోట్టూరుపురం వెళ్లవలసి రావడం తెలుగు విద్యార్థికి కాస్త లోటే.

ఆటల దగ్గరకు వస్తే, 1942 నుంచి 1969 వరకు ఉపకులపతిగా ఉన్న ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ పేరిట జరిగే అంతర కళాశాలల అథ్లెటిక్ పోటీలే ఇక్కడి పరుగువీరులకు పెద్ద పండుగ. అందులో విద్యార్థి బరిలోకి దిగేది తన కళాశాల తరఫున. చదరంగంలో విశ్వనాథన్ ఆనంద్, టెన్నిస్‌లో రామనాథన్ కృష్ణన్ ఈ విశ్వవిద్యాలయం పరిధిలోనివారే అయినా, ఇద్దరూ లయోలా కళాశాల విద్యార్థులు. అందుచేత డిగ్రీలో చేరదలచిన క్రీడాకారులు ముందుగా కళాశాల మైదానాన్నీ, అక్కడి శిక్షకుణ్ణీ చూసుకోవాలి. చేపాక్ సెనేట్ హౌస్ గుమ్మటాలను చూసి మురిసిపోయి నిర్ణయించుకోకూడదు.

నేరుగా విశ్వవిద్యాలయ శాఖలో పి.జి. చేసేవారి విషయం వేరు. తెలుగు పాఠాలు చేపాక్ దగ్గరి మెరీనా ఆవరణలో, విశ్వవిద్యాలయ యూనియన్ క్రీడామైదానం చెట్‌పేట్‌లో. చేపాక్‌లో రైలెక్కి పార్క్ టౌన్‌లో దిగి, పక్కనే ఉన్న పార్క్ స్టేషనుకు నడిచి తాంబరం బండి పట్టుకుంటే ఎగ్మోరు తరువాతి స్టేషనే చెట్‌పేట్. మా మేనకోడలు పార్క్ దగ్గర ఆ నడకను చూసి, ఒళ్లు వేడెక్కించుకోవడానికి అది చాలునన్నది.