రెజిన్‌లో పోసిన లేజర్ ట్యాగ్ సెన్సర్లు – చాన్నాళ్ళు వాడాక నా మాట

నీళ్ళు లోపలికి పోవు. వీటి గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే. లేజర్ ట్యాగ్ అంటే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు కొట్టే బొమ్మ గన్నులతో ఆడే ఆట, తలబ్యాండుకి ఉన్న సెన్సరు మీద ఆ వెలుతురు పడితే హిట్ అయినట్టు బీప్ వస్తాది. గన్ ఎలా కట్టాలి, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో కోడ్ ఏటి, సిగ్నల్‌కి 38 కిలోహెర్ట్జ్ ఎందుకు అన్నవి ఈ పని చేసేవాళ్ళకి తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవట్లేదు.

మా పిల్లలు ఆడేది కొత్తవలస వైపు మా బావ వాళ్ళ మామిడితోటలో. పొద్దున్నే మంచు, వానాకాలం అయితే వాన ఆగినా ఆకుల మీంచి చినుకులు ఆగవు, దానికితోడు పిల్లల చెమట. ఇదివరకు తలబ్యాండుకి ప్లాస్టిక్ మూతలు, హాట్ గ్లూ పెట్టి నడిపించాం, వైర్లు పచ్చగా చిలుం పట్టేసేవి, ఎవరూ కొట్టకుండానే హిట్ అయినట్టు బీప్ వచ్చేసేది. అందుకని సెన్సరు, 100 ఓమ్స్ రెసిస్టరు, చిన్న కెపాసిటరు అన్నీ కలిపి సిలికాన్ అచ్చులో పెట్టి క్లియర్ ఎపాక్సీ రెజిన్ (పోశాక రాయిలా గట్టిపడే జిగురు) పోసేశాం, సగం కోసిన నిమ్మకాయంత వస్తాది ఒక్కొక్కటి.

దీని విలువ సిరిమాను పండక్కి తెలిసింది. చుట్టాల పిల్లలంతా ఇంట్లోనే ఉన్నారు, మంగళవారం సిరిమాను చూసేసి మర్నాడు తోటకెళ్తే ఆట మధ్యలో వాన దంచేసింది, ఒక్కడూ ఆట ఆపలేదు, గన్నులకి పాలిథిన్ కవర్లు చుట్టేసుకుని అలాగే పరిగెడుతున్నారు. బ్యాండులు పిండితే నీళ్ళు కారుతున్నాయి గానీ ఒక్క సెన్సరూ దొంగ బీప్ కొట్టలేదు, పడిన హిట్ వదల్లేదు. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో!

ఎండకి పసుపు తిరిగిపోయాయి, అది నిజమే. చూడ్డానికి బాగోవు గానీ మన 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌కి ఆ పసుపు అడ్డం కాదు, రేంజ్ తగ్గలేదు. నల్లరంగు కలుపుదాం అనుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్త, మసితో చేసే నలుపు ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా మింగేస్తాది.

ఒకసారి పోస్తే ఇంక చూసుకోనక్కర్లేదు అని అందరికీ చెప్పేవాణ్ణి, ఇప్పుడైతే రెజిన్ లోపల ఉన్నదాన్ని చూసుకోనక్కర్లేదు అంటాను. ఎందుకంటే మా మేనల్లుడి బ్యాండుకి ఉన్నట్టుండి వెనకవైపు హిట్ పడ్డం మానేసింది. ముందునుంచి కొడితే బీప్, పక్కనుంచి కొడితే బీప్, వెనకనుంచి ఎంత కొట్టినా లేదు. గన్ మార్చాం, బ్యాటరీ మార్చాం, లెన్స్ తుడిచాం. ఆఖరికి వాడే, మావయ్యా తల వంచితే మోగుతంది, ఎత్తితే మోగట్లేదు అన్నాడు. వైరు వేలితో అటూఇటూ వంచి చూస్తే, సరిగ్గా రెజిన్‌లోంచి బయటికొచ్చే చోట, పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పోగులన్నీ తెగిపోయున్నాయి. రెజిన్ కదలదు, వైరు కదులుతాది, తల తిప్పినప్పుడల్లా వంపంతా ఆ ఒక్కచోటే పడతాది. వెలుతురుకి పెట్టి చూస్తే లోపల సెన్సరు, దాని కాళ్ళు, టంకం చుక్కలు అన్నీ చక్కగా మెరుస్తున్నాయి, కానీ చెయ్యి పోయే దారి లేదు. సోల్డరింగ్ చేసేవాళ్ళకి ఆ బాధ తెలుస్తాది.

మాస్కు కట్టుకుని చిన్న గ్రైండర్‌తో వెనకనుంచి రాగి తేలేదాకా నెమ్మదిగా అరగదీసి, కొత్త వైరు టంకం పెట్టి, ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి మళ్ళీ రెజిన్ పోశాం, గట్టిగానే పట్టుకుంది. ఇప్పుడు పోసేవాటికి వైరు మీద లోపల జిగురుండే హీట్‌ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) తొడిగి, సగం రెజిన్‌లో సగం బయట ఉండేలా పెడుతున్నాం, వంపు ఒక్కచోట పడదు. మెత్తగా ఉంటాది కదాని సిలికాన్ ట్యూబు వాడొద్దు, ఎపాక్సీ దానికి అంటదు, అందుకే కదా అచ్చులు దాంతో చేస్తాం, ఆ సందులోంచి నీళ్ళు దిగిపోతాయి.

మన వైపు వానాకాలం తేమకి గట్టిపడే రెజిన్ పైన జిడ్డు పొర కడతాది, గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగితే పోతాది.

అందరూ చేసుకోవాలా అంటే అలా అనలేను. నాకు మేడమీద గాలాడే గది ఉంది, టంకం పని అలవాటే, పిల్లలు ఆడేది వానలో తోటలో. హాల్లో ఆడేవాళ్ళకి ప్లాస్టిక్ మూతే నయం, పాడైతే విప్పి మార్చుకోవచ్చు. గ్లౌజులు లేకుండా మాత్రం హార్డెనర్ (రెజిన్ గట్టిపడ్డానికి కలిపేది) ముట్టుకోవద్దు, కొందరికి చర్మం మీద దద్దుర్లు వచ్చేస్తాయి. నేనైతే రెజినే పోస్తాను, కాకపోతే తోటకెళ్ళేటప్పుడు ఒక బ్యాండు స్పేర్ పట్టుకెళ్తున్నాను.