చెరకు మడ్డిలో నానిన హెరాల్డ్ ఇంజిన్ బ్లాక్: వాడి చూశాక నా మాట

పైపై తుప్పుకైతే వైర్ బ్రష్షు చాలు, దానికోసం ఇంత తతంగం అక్కర్లేదు. చెరకు మడ్డిని, అదే మొలాసిస్‌ని, నేను మెచ్చుకునేది ఒక్క కారణానికే. బ్రష్షు, ఎమరీ పేపరు, వేలు, ఏదీ దూరని వాటర్ జాకెట్ లోపలికి, అంటే సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీలోకి, అది వెళ్తుంది.

నాది స్టాండర్డ్ హెరాల్డ్, మన మద్రాసులో తయారైన పాత కారు. 948 సీసీ ఇంజిన్, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. తిరువాన్మియూరులో సముద్రపు గాలికి చాలా ఏళ్లు పడి ఉంది. అంతకు ముందు నడిపినవాళ్లు కూలెంట్ మాటే లేకుండా బోరు నీళ్లతో లాగించేశారు. ఈ ఇంజిన్లలో బురదంతా వెనక్కి, నాలుగో సిలిండర్ చుట్టూ చేరుతుంది. నా దాంట్లో అక్కడ స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే గోడను పొడిచినట్టే ఉంది.

పాళ్లు తెలిసినవే, ఒక వంతు మడ్డికి తొమ్మిది పది వంతుల నీళ్లు. మాధవరం వైపు పశువుల దాణా కొట్టులో దొరికింది. ముందు గ్రీజు పూర్తిగా కడిగించాలి, జిడ్డు ఉన్నచోట మడ్డి పనిచేయదు. వెల్చ్ ప్లగ్గులన్నీ, అంటే బ్లాకు గోడల్లోని రంధ్రాలకు కొట్టిన రేకు బిళ్లలన్నీ, పీకేయాలి. పులిసి గ్యాస్ వస్తుంది కాబట్టి డ్రమ్ము మూత బిగించకూడదు. వేడికి పని త్వరగా సాగుతుంది, చెన్నై ఎండ ఆ విధంగా కలిసొచ్చింది. అయినా ఇది వారాల వ్యవహారం.

బయటికి తీసినప్పుడు బ్లాకంతా నల్లటి పొర. వేలితో రాస్తే బూడిదరంగు ఇనుము తేలింది. వెనక వైపు ప్లగ్గు రంధ్రంలోంచి ప్రెషర్ వాషర్ పెడితే ముందు కాఫీ డికాక్షన్ రంగు నీళ్లు, తర్వాత పెచ్చులు పెచ్చులుగా తుప్పు, ఆ వెనకే నల్ల ఇసుక. అది బోరు నీళ్లతో వచ్చిన ఇసుక కాదు, పోత పోసినప్పటి కోర్ ఇసుక, అంటే లోపలి ఖాళీ కోసం అచ్చులో పెట్టిన ఇసుక దిమ్మ తాలూకుది! దానితోపాటు వంకర తిరిగిన ఇనుప తీగ ముక్క ఒకటి బయటపడింది. కోర్ విరగకుండా ఫౌండ్రీలో లోపల పెట్టే తీగ అది. బండి ఫ్యాక్టరీ దాటినప్పటి నుంచీ నీళ్ల దారికి అడ్డంగా అక్కడే ఉందన్నమాట. టార్చి వేసి చూస్తే నాలుగో సిలిండర్ గోడ చుట్టూ ఖాళీ కనబడింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంజిన్ స్టార్టయిన రోజున కూడా కలగలేదు.

ఫలితం రోడ్డు మీద తెలుస్తోంది. మే నెల ఎండలో, సైదాపేట ట్రాఫిక్‌లో ఆగి ఉన్నా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలబడుతోంది.

అప్పట్లో స్నేహితులకు "బ్లాకు కొత్తదైపోయింది" అని చెప్పాను. ఇన్నాళ్లు నడిపాక ఆ మాట కొంచెం తగ్గించి చెప్పాలి. తుప్పు తినేసిన ఇనుము తిరిగి రాదు. సిలిండర్ల లోపలి గోడల్లో గుంటలు అలాగే మిగిలాయి, బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయక తప్పలేదు. ఒక వెల్చ్ ప్లగ్గు కూర్చునే అంచు గుంటలు పడి ఉండటంతో ఇంజిన్ వేడెక్కితే అక్కడ తడి కనిపించేది. అంతవరకూ ఆ కారుడును ఆపింది తుప్పే. సీలెంట్‌తో కొత్త ప్లగ్గు కొట్టించాక ఆగింది, కానీ నా కన్ను ఇప్పటికీ ముందు అక్కడికే పోతుంది. ఇక మన ఉక్కపోతలో కడిగిన బ్లాకు ఆరేలోపే ఎర్రబడుతుంది. వాషింగ్ సోడా నీళ్లతో కడిగి, వెంటనే గాలి కొట్టి, మెషిన్ చేసిన చోటల్లా ఆయిల్ పూయాల్సిందే.

నాకు పెరడు ఉంది, తొందర లేదు, పులిసిన వాసనను ఇంట్లోవాళ్లు భరించారు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు మాత్రం ఇది చెప్పలేను. మెషిన్ షాపులో వేడి కాస్టిక్ తొట్టి ఉంటుంది కానీ, అది జిడ్డునూ రంగునూ తీస్తుంది తప్ప తుప్పును కాదు. మీ బండి హెడ్డు అల్యూమినియందైతే బ్లాకు ఒక్కటే ముంచండి, మడ్డి అల్యూమినియాన్ని తినేస్తుంది.