జుబ్బా రాతిబొమ్మల టూర్: ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే చూడండి

నేను రియాద్‌లో ఏసీ పనుల సూపర్‌వైజర్‌ని. సొంతూరు అనంతపురం జిల్లాలో పల్లె. మొన్న ఏప్రిల్‌లో మా నాయన విజిట్ వీసా మీద వస్తే ఉత్తర సౌదీలోని హాయిల్ పట్నానికి తీసుకెళ్ళి, అక్కడినుంచి పాత రాతిబొమ్మలున్న జుబ్బా అనే ఊరికి ఒక రోజు టూర్ బుక్ చేశాను. కారు, గైడు, భోజనం కలిపి మనిషికి 300 రియాళ్ళు. గైడుకి అయిదుకి అయిదు మార్కులు. కారు పంపిన వాళ్ళకి రెండు.

పొద్దున ఆరింటికి వస్తామన్న కారు తొమ్మిదిన్నర దాటాక వచ్చింది. ఫోన్ చేస్తే 'అయిదు నిమిషాలు' అన్న మాటే. జుబ్బా దాదాపు 100 కిలోమీటర్లు, నఫూద్ ఎడారిలో ఉంది. బొమ్మలున్న ఉమ్ సిన్మాన్ కొండ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చేసింది. ఇవి రంగు వేసిన బొమ్మలు కావు, రాయిని పొడిచి చెక్కినవి. నిట్టనిలువు ఎండలో నీడ పడదు, గీత తెలియదు. యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన చోటికి ఇంత దూరం వచ్చి నల్లరాయి చూసి పోతామా అని టెన్షన్ పట్టుకుంది.

గైడు స్థానికుడు, నాయన వయసు ఉంటుంది. "తొందరపడొద్దు, అసర్ నమాజు దాకా ఆగండి" అన్నాడు. నాలుగు దాటాక మళ్ళీ వెళ్ళాం. అదే బండ మీద పొడుగాటి కొమ్ముల ఆవు లేచి నిలబడింది! దాని గీతలు రాయితో పాటే నల్లబడి ఉన్నాయి. దాని వీపు మీదుగా ఎవరో తర్వాతి కాలంలో ఒంటెను చెక్కారు. ఆ గీతలు ఇంకా లేతగా, ఇటుక రంగులో ఉన్నాయి. రాయి పైపొర వేల ఏళ్ళకి నల్లబడుతుంది కాబట్టి, ఎంత నల్లగా ఉంటే అంత పాతది అని గైడు చెప్పాడు.

నాయన చాలాసేపు ఆవునే చూశాడు. "ఒంటె సరేలేరా. ఆవు నీళ్ళు లేకుండా ఎన్నాళ్ళుంటుంది? ఇక్కడ చెరువు ఉండి ఉండాల" అన్నాడు. నేను గైడుకి అనువదించి చెబితే ఆయన నవ్వి, కొండ కింద చదునుగా ఉన్న నేల చూపించాడు. అక్కడ నిజంగానే సరస్సు ఉండేది. పడమటి గాలి తెచ్చే ఇసుకకు ఈ కొండ అడ్డు నిలవడంతో ఆ పల్లం పూడిపోలేదు. భూమి అక్షం దిశ మెల్లగా మారుతూ ఉంటుంది. దానివల్ల సుమారు 10,000 ఏళ్ళ కిందట ఉత్తరార్ధగోళంలో వేసవి ఎండ ఇప్పటికన్నా గట్టిగా కాసేది. వానలు ఇంత ఉత్తరానికీ వచ్చేవి, గడ్డి మొలిచేది, మందలు మేసేవి. సుమారు 6,000 ఏళ్ళ కిందటికి వానలు దక్షిణానికి జరిగిపోయాయి. ఆవు చెక్కిన బండ మీదికి ఒంటె వచ్చింది.

కరువు చూసిన వాడికి ఆ బండ మీద కథ చెప్పక్కర్లేదు. మా జిల్లా పక్కనే బళ్ళారి దగ్గర కుప్గల్ కొండ మీద కూడా ఇలాగే పొడిచి చెక్కిన ఎద్దులున్నాయి, మూపురాలతో సహా. అవి మేమింకా చూడలేదు, సిగ్గుగా ఉంది.

భోజనం కబ్సా (మసాలా, మాంసం వేసి వండిన అన్నం), బాగుంది. పెద్దవాళ్ళతో వెళ్తే మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోండి. బొమ్మల్ని తాకొద్దు, ఫోటోకి నీళ్ళు అసలే చల్లొద్దు. కారు తెల్లవారుజామున రాకపోతే సాయంత్రం దాకా ఉంటామని ముందే మాట తీసుకోండి. షువేమిస్ అనే ఇంకో రాతిబొమ్మల చోట వేటగాళ్ళు కుక్కల్ని తాళ్ళతో పట్టుకున్న బొమ్మలున్నాయట. దానికి వేరే రోజు కావాలి. నాయన వీసా పొడిగిస్తే అక్కడికీ అదే గైడుని అడుగుతాను, కారు మాత్రం నాదే.