విండోస్ 11లో ఫైళ్ల నిర్వహణ: ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌పై ఒక సమీక్ష

కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, దానిపై ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్, అంటే తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఈ రెండింటితో, కంటిచూపు అవసరం లేకుండా, ఫైళ్లను వెతకడం, పేరు మార్చడం, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం, తొలగించడం ఎంత నమ్మకంగా చేసుకోవచ్చో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను: పని పూర్తిగా సాధ్యమే, స్క్రీన్ రీడర్‌కు పైసా ఖర్చు లేకుండా సాధ్యమే. అయితే విండోస్ 11 ముందుగా అమర్చి ఇచ్చే పద్ధతుల్లో కొన్ని చెవితో పని చేసేవారికి అనుకూలం కావు. వాటిని మొదటి రోజే మార్చుకోవాలి.

ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ ప్రారంభించారు, తరువాత జేమ్స్ టే ఆయనతో కలిశారు. ఇద్దరూ చూపులేనివారే. నేటికీ ఉచితంగానే లభిస్తున్న ఈ సాఫ్ట్‌వేర్‌ను కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కి మొదలుపెట్టవచ్చు. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ అయితే, ఎన్‌వీడీఏ మొదటిసారి తెరుచుకున్నప్పుడు వచ్చే పెట్టెలోనే ల్యాప్‌టాప్ కీబోర్డ్ అమరికను ఎంచుకుని, క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా, అంటే ఎన్‌వీడీఏ ఆదేశాలకు తోడుగా నొక్కే మీటగా, పెట్టుకోవడం మంచిది. ఆ కీతో 1 నొక్కితే నేర్చుకునే స్థితి మొదలవుతుంది. అప్పుడు ఏ మీట నొక్కినా అది చేసే పని జరగదు, దాని పేరు మాత్రం వినిపిస్తుంది. కొత్త కీబోర్డ్ మీద వేళ్లకు దారి తెలియడానికి ఇంతకంటే భద్రమైన మార్గం లేదు.

విండోస్ కీతో ఇ నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. ఏ ఫోల్డర్‌లోకి వెళ్లినా మొదట కంట్రోల్, షిఫ్ట్, 6 నొక్కి వివరాల వరుసకు మారాలని నా గట్టి సలహా. చిత్రాల అమరికలో ఫైళ్లు గళ్లుగళ్లుగా పరుచుకుని ఉంటాయి కాబట్టి కింది బాణం మీట నొక్కితే మధ్యలోని ఫైళ్లన్నీ దాటిపోయి ఎక్కడో దిగుతాం. వివరాల అమరికలో వరుసకు ఒకే ఫైలు ఉంటుంది. ఎన్‌వీడీఏ దాని పేరుతోపాటు మార్చిన తేదీ, రకం, పరిమాణం చదివి, చివర ‘40లో 5’ అన్నట్లు స్థానం కూడా చెబుతుంది. ఆ చివరి అంకె చాలా విలువైనది. ఫోల్డర్ ఎంత పెద్దదో, మనం అందులో ఎంత దూరం వచ్చామో ఒక్క మాటలో తెలిసిపోతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మాత్రం ‘ఈ రోజు’, ‘నిన్న’ అంటూ గుంపులుగా విడిపోయి ఉంటుంది. ఆ శీర్షికలు అడుగడుగునా అడ్డు తగులుతాయి కాబట్టి సార్ట్ మెనూలో గ్రూప్ బై తెరిచి ‘నన్’ (None) ఎంచుకోవాలి.

కొత్త కంప్యూటర్‌లో అసలు చిక్కు వన్‌డ్రైవ్‌తో, అంటే ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవతో వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, బ్యాకప్ పనిచేస్తూ ఉంటే, డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ కిందికి చేరిపోతాయి. పేరు పాతదే, చోటు వేరు. చూపున్నవారికి ఫైలు పక్కన చిన్న మేఘం గుర్తు కనిపిస్తుంది. మనకు స్టేటస్ అనే గడిలో ‘అవైలబుల్ వెన్ ఆన్‌లైన్’ అని వినిపిస్తుంది. అలా వినిపించిన ఫైలు నిజానికి కంప్యూటర్‌లో లేదు, నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. అనుమానం వచ్చినప్పుడల్లా ఫైలు మీద ఆల్ట్, ఎంటర్ నొక్కి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ దగ్గర ఏ దారి ఉందో వినాలి. కంప్యూటర్ నేర్పేవారు కాపీ, పేస్ట్ కంటే ముందు ఈ అలవాటే నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

కాపీ విషయానికి వస్తే, కంట్రోల్, సి నొక్కినప్పుడు ఎన్‌వీడీఏ తనంతట తాను ఏమీ చెప్పదు. ఈ మౌనం నాకు నచ్చదు. 2023.2 విడుదల నుంచి ఎన్‌వీడీఏలోనే యాడ్-ఆన్ స్టోర్ (అదనపు సౌకర్యాలు దొరికే చోటు) ఉంది కాబట్టి అక్కడి నుంచి క్లిప్‌స్పీక్ అనే యాడ్-ఆన్ పెట్టుకుంటే కాపీ, కట్, పేస్ట్ చేసిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. పెద్ద ఫైలును పెన్‌డ్రైవ్‌కు పంపుతున్నప్పుడు మాత్రం ఎన్‌వీడీఏ పద్ధతి నాకెంతో ఇష్టం. పని సాగేకొద్దీ చిన్న బీప్ శబ్దాలు మంద్రం నుంచి తారానికి ఎక్కుతూ ఉంటాయి, ఎంత పని మిగిలిందో ఆ స్వరమే చెబుతుంది.

తొలగించడం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. విండోస్ 11లో డిలీట్ నొక్కితే ‘నిజంగా తీసేయాలా’ అని అడగదు. ఫైలు నేరుగా రీసైకిల్ బిన్‌లోకి పోతుంది, చెవికి వినిపించేది పక్క ఫైలు పేరు మాత్రమే. రీసైకిల్ బిన్ ప్రాపర్టీస్‌లో నిర్ధారణ పెట్టెను ఆన్ చేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. పెన్‌డ్రైవ్‌లో తొలగించినవి రీసైకిల్ బిన్‌కు రావు, కంట్రోల్, జడ్ నొక్కినా తిరిగి రావు.

ఒకదానికొకటి దూరంగా ఉన్న ఫైళ్లను ఎంచుకోవడం కూడా సాధ్యమే. కంట్రోల్ పట్టుకుని బాణం మీటతో కదులుతూ, కావలసిన చోట స్పేస్ బార్ నొక్కాలి. ఎంచుకోని వాటి మీదికి వెళ్లినప్పుడు ‘నాట్ సెలెక్టెడ్’ అని వినిపిస్తుంది. తరలించే ముందు ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, ఎండ్ కలిపి నొక్కి స్టేటస్ బార్ వింటే ఎన్ని ఎంచుకున్నామో లెక్క సరిచూసుకోవచ్చు.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకునేవారికి ఒక మాట. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే, రాతను మాటగా పలికే సాధనంలో తెలుగు గొంతు ఉంది, ఇంగ్లిష్ పేర్లు ఎదురైతే వాటినీ చదువుతుంది. ఉచ్చారణ యాంత్రికంగా ఉంటుందన్నది నిజమే, వేగం పెంచితే మొదట్లో అర్థం కాదు. అయినా ఫైలు పేర్ల వరకు అది చాలు. ఇంగ్లిష్ గొంతు మాత్రమే పెట్టుకుంటే తెలుగు పేర్లను సరిగా వినలేం. ‘రేషన్ కార్డు’, ‘పింఛను పత్రాలు’ వంటి పేర్లతో ఫోల్డర్లు పెట్టుకునే ఆలోచన ఉన్నవారు ముందు గొంతు మార్చుకుని, ఆ పేర్లు స్పష్టంగా వినిపిస్తున్నాయో లేదో చూసుకుని, ఆ తరువాతే పాత కంప్యూటర్ నుంచి ఫైళ్లు తెచ్చుకోవాలి.