ఫిజియోథెరపీ గదిలో నిలువెత్తు అస్థిపంజరం: ఏడాది వాడాక

పార్శిల్ విప్పి, చేతులూ కాళ్లూ తగిలించి స్టాండు మీద నిలబెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. అరచేతులు ముందుకు తిప్పితే బొటనవేళ్లు బయటివైపు ఉండాలి. ఇందులో రెండూ తొడలవైపు ఉన్నాయి. ఫ్యాక్టరీలో కుడి మణికట్టుకి ఎడమచెయ్యి, ఎడమ మణికట్టుకి కుడిచెయ్యి బిగించేశారు. మర విప్పి మార్చుకోవడం పది నిమిషాల పనే. కానీ ఇదే బొమ్మ పిల్లలు చదువుకునే చోటికి వెళ్లి ఉంటే? మీరు కొంటే మొదట ఇది చూడండి: ముంజేతిలోని రెండు ఎముకల్లో రేడియస్ ఎప్పుడూ బొటనవేలి వైపే ఉంటుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. ఈ 170 సెంటీమీటర్ల ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని కొన్నది అలంకారానికి కాదు, నా దగ్గరకొచ్చేవాళ్లకి వాళ్ల నొప్పి ఎక్కడుందో చూపించడానికి. అందుకే ఎముకలు ఎంత నున్నగా ఉన్నాయన్నది నాకు రెండో సంగతి. ఎముకకీ ఎముకకీ మధ్య ఏం జరుగుతుందో ఈ బొమ్మ చూపించగలదా అన్నదే మొదటిది.

ముంజెయ్యి దగ్గర అద్భుతంగా చూపిస్తుంది. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు రేడియస్, అల్నా పక్కపక్కనే ఉంటాయి. అరచేతిని కిందికి తిప్పితే అల్నా దాదాపు ఉన్నచోటే ఉంటుంది, రేడియస్ దాని మీదుగా అడ్డంగా వస్తుంది. తాళంచెవి తిప్పినా, స్క్రూ బిగించినా ఇదే కదలిక. ముంజేయి విరిగి కట్టు విప్పించుకున్న ఒకాయన తన చేతినీ బొమ్మ చేతినీ మార్చి మార్చి తిప్పి చూసుకున్నారు. "మోచెయ్యి బాగానే వంగుతోంది కదా, మరి అరచెయ్యెందుకు తిరగట్లేదు మేడమ్?" అని అంతకుముందు నాలుగుసార్లు అడిగారు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు, వ్యాయామం మాత్రం మానకుండా చేశారు.

వెన్నెముక కూడా బాగుంది. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5, అన్నీ విడివిడిగా ఉన్నాయి. మెడలో మొదటి రెండు పూసలనీ శ్రద్ధగా చేశారు. తల ఊపి అవుననడం ఎక్కువగా పుర్రెకీ మొదటి పూసకీ మధ్య జరుగుతుంది, అడ్డంగా ఊపి కాదనడం మొదటి పూసకీ రెండోదానికీ మధ్య జరుగుతుంది. ఈ రెండూ ఇందులో తేడా తెలిసేలా కదులుతాయి. మొత్తం వెన్ను లోపలి గొట్టం వల్ల వంగుతుంది. మెడ, నడుము దగ్గర ముందుకి ఉండే వంపులు సరిగ్గా వచ్చాయి. పుట్టినప్పుడు బిడ్డ వెన్నంతా ఒకే వంపుగా ఉంటుంది. తల నిలపడం మొదలయ్యాక మెడ వంపు, కూర్చుని నిలబడి నడవడం మొదలయ్యాక నడుము వంపు ఏర్పడతాయి. ఇది చెబుతూ బొమ్మ నడుము మీద చెయ్యి పెట్టి చూపిస్తే, నిటారుగా ఉండటమంటే కర్రలా బిగదీసుకోవడం కాదని చాలామందికి అర్థమవుతుంది.

వెన్నులో ఒక్క డిస్కు విషయంలోనే నాకు అభ్యంతరం. నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య డిస్కుని ఎర్రగా, పెద్ద ముద్దలా బయటికి తోసి పెట్టారు. పసుపు రంగు నరం మీద అది ఆనుకుని ఉంటుంది. చూడగానే జనం బెదిరిపోతున్నారు. "డిస్కు జారిందన్నారు, మళ్లీ లోపలికి నెట్టేస్తారా?" అని ఒకావిడ దాదాపు ఏడుస్తూ అడిగింది. డిస్కు సబ్బుబిళ్లలా జారదు. గట్టి పొరల మధ్య మెత్తటి జెల్లీలాంటిది ఉంటుంది, ఆ పొరలు బలహీనపడిన చోట అది బయటికి పొడుచుకొస్తుంది. చాలామందిలో అది క్రమంగా కుదించుకుపోతుంది కూడా. గట్టి ప్లాస్టిక్ ముద్దలో ఇదేదీ కనిపించదు. నేనైతే దాని మీద చర్మం రంగు టేపు చుట్టేశాను, అవసరమైతేనే విప్పుతాను.

పుర్రె గురించి చెప్పాల్సింది తక్కువే. పైమూత తీయొచ్చు, దవడ స్ప్రింగుతో కదులుతుంది, ఎముకలు కలిసే గీతలు స్పష్టంగా ఉన్నాయి. డబ్బా మీద "206 ఎముకలు" అని రాశారు, అది నిజం కాదు. రెండు చెవుల్లోనూ మూడేసి చొప్పున ఉండాల్సిన ఆరు బుల్లి ఎముకలు లేవు. గొంతులో నాలుక మొదట్లో, వేరే ఏ ఎముకతోనూ కీలు లేకుండా ఉండే హయాయిడ్ కూడా లేదు. ఆ ఏడూ తీసేస్తే 199. పాదాలు ఇంకా నిరాశ. ఒక్కో పాదంలో 26 ఎముకలుంటే ఇక్కడ అన్నీ కలిపి ఒకే అచ్చులో పోశారు. బరువు పడినప్పుడు పాదం వంపు ఎలా కాస్త దిగి మళ్లీ లేస్తుందో చూపించే వీల్లేదు.

అన్నిటికన్నా బాధపెట్టింది భుజం. వీపు మీద రెక్కలా ఉండే స్కాపులా ఎముకని పక్కటెముకలకి మర వేసి బిగించేశారు. మన ఒంట్లో స్కాపులాకీ పక్కటెముకలకీ మధ్య కీలే లేదు. అది కండరాల మధ్య తేలుతూ, ఛాతీ గూడు మీద జారుతూ తిరుగుతుంది. చేతిని మొండెంతో కలిపే ఎముకల కీలు ఒక్కటే, కాలర్ బోన్ ఛాతీ మధ్య ఎముకని కలిసే చోటు. చేతిని పక్కనుంచి నెత్తి మీదికి ఎత్తితే ఆ 180 డిగ్రీల్లో సుమారు 120 గూడ దగ్గరి కీలు ఇస్తుంది, మిగతా 60 స్కాపులా తిరగడం వల్ల వస్తాయి. ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం, వచ్చినవాళ్లు చెయ్యి ఎత్తమంటే భుజం మొత్తం చెవిదాకా లేపుతారు. గూడ తిరగనప్పుడు స్కాపులా ఆ లోటుని పూడ్చబోతుంది. నేను రోజుకి ఎన్నిసార్లో చెప్పే సంగతి ఇది. సరిగ్గా అక్కడే ఈ బొమ్మ మూగగా నిలబడిపోయింది.

నెల రోజులు చూసి మర తీసేశాను. దాని బదులు వెడల్పు ఎలాస్టిక్ పట్టీ రెండు చోట్ల కట్టాను, ఒకటి వెన్నుపూసల నుంచి స్కాపులాకి, ఇంకోటి స్కాపులా కింది కొసనుంచి ముందు పక్కటెముకలకి. ఇప్పుడు చెయ్యి ఎత్తితే స్కాపులా కూడా తిరుగుతుంది. పూర్తిగా నిజంలా కాకపోయినా, చూసేవాళ్లకి తెలిసేంత.

ఇంకొకటి మాత్రం ఏ పట్టీ కట్టినా రాదు. తెల్లటి ప్లాస్టిక్ చూసి ఎముకంటే ఎండుకట్టె అనుకుంటారు. లోపల మూలుగలో రక్తకణాలు తయారవుతుంటాయి, ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ దాచి ఉంటుంది, కొన్ని కణాలు పాత ఎముకని తొలుస్తుంటే కొన్ని కొత్తది పోస్తుంటాయి. బరువు పడ్డచోట ఎముక గట్టిపడుతుంది, అందుకే నడవమని అంతగా బతిమాలుతాను. ఇది నోటితో చెప్పాల్సిందే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కీళ్ల వైద్యం చేసేవాళ్లకీ, నేర్పేవాళ్లకీ పనికొస్తుంది. పాదమే ముఖ్యమనుకునేవాళ్లు పాదం బొమ్మ విడిగా తీసుకోండి. ఆర్డరు పెట్టేముందు అమ్మేవాళ్లని వీపువైపు ఫోటో అడగండి. స్కాపులా మీద మర తల కనిపిస్తే, అది విప్పడానికి వీలయ్యేదో అతికించేసినదో కనుక్కోండి.