బ్యాంకాక్‌లో టికెట్ చింపిచ్చే బండే ఎక్కండప్పా

బ్యాంకాక్ పోయొచ్చినప్పటి నుంచి వారానికి ఒకరన్నా అడుగుతానే ఉన్నారు, ఎంతయింది, యాడ దిగినారు, అమ్మానాయనల్ని ఎట్ల తిప్పినావు అని. అందరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఒక్కసారి రాసి పడేస్తాండా, ఇంక అడిగినోళ్లకి ఇదే పంపిస్తా. దీంట్లో సగం నా కడుపుమంటే, ముందే చెప్తాండా.

2025 దసరా సెలవుల్లో పోయినాం. నేను, మా ఇంటామె, పాప, అమ్మ, నాయన. నాయన ఆర్టీసీలో 31 ఏండ్లు కండక్టర్‌గా చేసి రిటైరైనాడు, ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. అనంతపురం నుంచి దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకి కారు 4,800, మూడు గంటల దారి, బెంగళూరు ట్రాఫిక్‌లోకి పోయే పనే లేదు, టికెట్ వెయ్యి తక్కువకి వస్తాందని హైదరాబాద్ నుంచి మాత్రం బుక్ చేసుకోవద్దండి, ఆ వెయ్యి దారిలోనే కరిగిపోతుంది. ఫ్లైటు నాలుగ్గంటలు కూడా పట్టదు, రానూపోనూ మనిషికి 23,600 పడింది.

మేం పోయినప్పుడు మనోళ్లకి వీసా అక్కర్లేదు. కానీ డిజిటల్ అరైవల్ కార్డు అని 2025 మే నుంచి పెట్టినారు, దిగే ముందు మూడు రోజుల్లోపల ఆన్‌లైన్లో నింపాల. అది ఫ్రీ. నేను గూగుల్‌లో పైన వచ్చిన సైటు ఓపెన్ చేసి, గవర్నమెంటుదే అనుకొని మనిషికి 900 లెక్కన ఐదుగురికి 4,500 కట్టినా. ఇంగా ఊరు దాటకముందే మొదటి దెబ్బ. డబ్బులు అడిగిందంటే అది అసలు సైటు కాదని తెలుసుకోండి.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగినాక కిందికి, బేస్‌మెంటుకి పోండి, రైలు ఉంటుంది. మేం ప్రతూనం ఏరియాలో రూములు తీసుకున్నాం కాబట్టి రాచప్రారోప్ స్టేషన్‌లో దిగినాం, మనిషికి 40 బాత్‌లు, చివరి స్టేషన్ ఫయా థాయ్ దాకా పోయినా 45 దాటదు. ఒక బాత్ మాకు 2 రూపాయల 75 పైసలు పడింది. టాక్సీ అయితే మీటరు 35తో మొదలు, పైన ఎయిర్‌పోర్టు చార్జీ 50, టోల్ మనదే, ఐదుగురం ఒక దాంట్లో పట్టం కూడా. హోటల్ రూము రోజుకి 1,350 బాత్‌లు, రెండు రూములు, నీటుగా ఉన్నాయి, చెప్పేదానికేం లేదు.

ఇంగ అసలు కథ. రెండో రోజు పొద్దున తొమ్మిదిన్నరకి గ్రాండ్ ప్యాలెస్ దగ్గరికి చేరినాం. గేటుకి ఇంగా రెండొందల అడుగులుంటుంది, గోడ పక్కన ఒకాయన, తెల్ల చొక్కా ఇన్‌షర్టు చేసి, మెడలో ఐడీ కార్డు, నవ్వుతా ఎదురొచ్చినాడు. ఏ ఊరు మీదని అడిగినాడు, ఇండియా అంటే అమ్మకి దండం పెట్టినాడు. ఈ రోజు ప్యాలెస్‌లో పూజ ఉంది, ఒంటిగంటన్నరకి తీస్తారు, అంతలోపల మూడు గుళ్లు చూసుకొని రండి అని నా చేతిలో మ్యాపు తీసుకొని పెన్నుతో సున్నాలు చుట్టినాడు. గవర్నమెంటు ఆఫర్ అంట, టుక్‌టుక్ మొత్తం తిప్పినందుకు 40 బాత్‌లేనంట, బండికి 40. ఆయన చెయ్యెత్తేలోపలే రెండు బండ్లు వచ్చి ఆగినాయి. "ఇంత చౌకగా యాడన్నా తిప్పుతారాప్పా" అని మా ఇంటామె నా చెవిలో అన్నింది. నేను వినలే. మన క్లాక్ టవర్ దగ్గర ఆటో ఆయనతో పది రూపాయలకి పది నిమిషాలు గీసులాడేవాన్ని, అక్కడ ఏమైందో ఏమో నోరెత్తలేదు.

ఒక చిన్న గుడి చూపిచ్చినారు, ఐదు నిమిషాలు. ఆ తర్వాత నగల షాపు. చల్లగా ఏసీ, కూల్‌డ్రింకులు, పాపకి చాక్లెట్, ముప్పావు గంట కూర్చోబెట్టి నీలం రాళ్లు చూపిచ్చినారు, అమ్మ గట్టిది కాబట్టి కొనలే. బయటికొస్తే డ్రైవర్ మొహం మాడిపోయింది. మళ్లా టైలర్ షాపు. అక్కడ నాయన పడిపోయినాడు. టేపు పెట్టి కొలిచి "సార్, సార్" అంటా ఉంటే, 31 ఏండ్లు ఖాకీ వేసుకున్న మనిషి కదా, ఒక సూటు కుట్టిచ్చుకుంటే ఏంరా అన్నాడు. 4,500 బాత్‌లు, మన లెక్కలో 12,375. ఈ షాపుల వాళ్లు డ్రైవర్లకి పెట్రోలు కూపన్లు, కమీషన్లు ఇస్తారంట, 40 బాత్‌ల రహస్యం అది. చివరికి ప్యాలెస్ దగ్గరికి వచ్చేసరికి మూడు నలభై, మూడున్నరకే టికెట్లు ఆపేసినారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని పొద్దున పూజ అయిపోయిందా అని అడిగితే, ఏం పూజ, ఎనిమిదిన్నర నుంచి తెరిచే ఉంది కదా అన్నాడు.

టూరిస్టు పోలీసులకి 1155కి ఫోన్ చేద్దామని మా ఇంటామె పట్టు పట్టింది. నాయన వద్దన్నాడు. "లోపలికి పోయి కనుక్కోకుండా బండెక్కింది మనం కదమ్మా" అని ఒక్క మాటన్నాడు, ఇంగ రాత్రి దాకా ఎవరితోనూ మాట్లాడలే. సూటు మర్నాడు రాత్రి హోటల్‌కి వచ్చింది, కుడి చెయ్యి ఒక అంగుళం పొట్టి.

మర్నాడు మళ్లా పోయినాం, ఈసారి ఎవరు పిలిచినా తల తిప్పకుండా నేరుగా గేటుకి. టికెట్ 500 బాత్‌లు. నిక్కర్లతో రానీరు, నేను తెలివిగా నిక్కరేసుకొని పోయి బయట 150 పెట్టి ఏనుగుల బొమ్మల ప్యాంటు కొన్నా. లోపల చుట్టూ వరండా గోడల మీద రామాయణం అంతా బంగారు రంగు పెట్టి గీసినారు, 178 బొమ్మలు. అమ్మ పాపని ఎత్తుకోకపోయిందే గానీ ఒక్కొక్క గోడ దగ్గర నిలబడి కథ చెప్పింది, సేతువు దగ్గరికి వచ్చేదాకా. హనుమంతుడు అక్కడ తెల్లగా ఉంటాడు, పైగా సగం చేపగా ఉండే ఆడమనిషితో ప్రేమ. పాప ఫోన్లో చూసి వాళ్ల కథలో అట్లనే ఉందంట అవ్వా అన్నింది. ఏటా కసాపురం ఆంజనేయస్వామి గుడికి పోయే మనిషి మా అమ్మ. "మన స్వామి కాదులే, ఈయన వేరే" అని ముందుకు నడిచింది.

పక్కనే వాట్ ఫో గుడి, 300 బాత్‌లు, పండుకున్న బుద్ధుడు 46 మీటర్లు, పాదాల దగ్గర నిలబడితే తల కనపడదు. అక్కడి నుంచి ఐదు బాత్‌లకి పడవలో నది దాటితే వాట్ అరుణ్ గుడి.

తిరిగి ప్రతూనం పోయేదానికి ఈసారి ఫ్యాన్లుండే ఎర్రబస్సు ఎక్కినాం. టికెట్ 8 బాత్‌లు. కండక్టర్ ఒక ఆడమనిషి. చేతిలో మూరెడు పొడుగు స్టీలు గొట్టం, నిలువుగా తెరుచుకుంటుంది, లోపల టికెట్ల చుట్టలు, చిల్లర, ఆ మూతని టక్ టక్ కొడతా వచ్చిందంటే డబ్బులు తీయమని అర్థం. ఆ అంచుకే టికెట్ చింపి చేతిలో పెడుతుంది. నాయన సీట్లో నుంచి లేచి నిలబడినాడు. ముందురోజు దెబ్బ తర్వాత ఇప్పుడే మొహంలో నవ్వు. తానూ కండక్టర్నేనని భుజాన బ్యాగు ఉన్నట్టు, విజిల్ ఊదినట్టు చేసి చూపిచ్చినాడు, ఆమె పడిపడి నవ్వి గొట్టం ఆయన చేతికిచ్చింది. ఆయన రెండుసార్లు టక్ టక్ కొట్టినాడు, బస్సులో ఇద్దరు ముసలోళ్లు నిజంగానే చిల్లర తీసినారు. ప్రతి స్టేజీకీ ఈమె ఎస్సార్, అంటే టికెట్ల లెక్క కాగితం, రాస్తుందా లేదా అనేది ఆయన అనుమానం, నాకు థాయ్ రాదు నాయనా అంటే నువ్వు ఎందుకూ పనికిరావు అన్నాడు.

ఆ రోజు నుంచి టికెట్ చింపిచ్చే బండి తప్ప ఇంకోటి ఎక్కనీలేదు. దాని వల్ల మంచే జరిగింది. సేన్ సేప్ కాలువ పడవ కూడా అట్లనే ఎక్కినాం, ప్రతూనంలోనే రేవు ఉంది, నలుగురు పెద్దోళ్లకి అరవై బాత్‌ల లోపే. అందులో కండక్టర్లు హెల్మెట్ పెట్టుకొని పడవ బయటి అంచు మీద తాడు పట్టుకొని నడుస్తా టికెట్లిస్తారు. నీళ్లు నల్లగా ఉంటాయి, చిమ్ముతాయి, పక్కన ప్లాస్టిక్ పరదా తాడు మీరే లాగాల, మా ఇంటామె లాగడం మరిచిపోయింది, ఆ చీర సంగతి అడగొద్దండి.

తిండికి భయపడొద్దు, కానీ నీసు తినని వాళ్లు జాగ్రత్త, కూరగాయల్లో కూడా చేపల నీళ్లు పోస్తారు. అమ్మ శనివారం నీసు ముట్టదు. ఒక బండి దగ్గర పచ్చి బొప్పాయి కోరు, మిరపకాయలు, నిమ్మకాయ వేసి రోట్లో దంచుతా ఉంటే చూస్తా నిలబడింది, ఆమె గుప్పెడు వేయించిన చెనక్కాయలు వేసేసరికి "ఇది మన పచ్చడే కదరా" అన్నింది. మై సై నామ్ ప్లా అని చెప్పాల, అంటే చేపల నీళ్లు వద్దని. ఎండు రొయ్యలు కూడా వద్దని చేత్తో చూపిచ్చినాం. 50 బాత్‌లు. మేం తీసుకపోయిన జొన్నరొట్టెల్లోకి అదే నంజుకొని తిన్నాం. ఏటీఎంలో మాత్రం డబ్బులు తీయొద్దండి, మేం పోయినప్పుడు తీసిన ప్రతిసారీ 220 బాత్‌లు కోసేసినాడు.

ఐదు రాత్రులకి ఐదుగురికి అంతా కలిపి 2 లక్షల 18 వేలైంది, సూటుతో సహా. వచ్చేటప్పుడు 340 బాత్‌లు మిగిలినాయి, ఎయిర్‌పోర్టులో మార్చుకుందామంటే నాయన ఒప్పుకోలే, మళ్లా పోతే బస్సుకి కావాల కదా అన్నాడు. ఎనిమిది లెక్కన 42 టికెట్లు, ఇంగా నాలుగు బాత్‌లు చిల్లర.